జులేఖా ఆపా రెండు తెరలు

ఇనుప మూకుట్లో టీ డికాషన్ పోసి గోరింటాకు పొడి కలుపుతుంటే ఒక వాసన లేస్తుంది. ఎండిన ఆకు వాసనా, తుప్పు వాసనా కలిసిన ఆ ఘాటు ముక్కుకి తగలగానే ఈ ఉదయం నా చేతిలో గరిటె ఆగిపోయింది. జులేఖా ఆపా, మా అందరి అక్క, పోయి రెండేళ్ళయింది. అయినా ఆ వాసన వచ్చిందంటే ఆవిడ నా వెనక నిలబడి, "ఉండ కట్టకుండా కలపవే, అది ఖైరున్ గారి తలకి" అంటున్నట్టే ఉంటుంది. ఈ రోజు కలిపింది కూడా ఖైరున్ గారి తలకే. ఆపా ఉన్నన్నాళ్ళూ ఆ తల నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. అప్పట్లో దానికీ నాకు కుళ్ళే. నాకు కుళ్ళు లేనిది దేనికి గనక!

ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులు దాటి కాలువ వైపు తిరిగితే ఒక మేడ కింద ఆపా బ్యూటీ పార్లర్ ఉండేది. ఇప్పుడది నాది. తలుపు తియ్యగానే నీలం తెర, దాని తర్వాత రెండడుగుల చోటు, ఆ తర్వాత ఆకుపచ్చ తెర. నీలం తెర పూర్తిగా పడ్డాకే ఆకుపచ్చ తెర తియ్యాలి. ఆ రెండడుగుల చోటులోనే చెప్పులు విడిచి, బురఖా వంకీకి తగిలించి, స్కార్ఫు పిన్నులు తీసి గోడకున్న చిన్న గిన్నెలో వేసి, అప్పుడు లోపలికి రావాలి. ఒకసారి ఒక లెక్చరర్ గారు తొందరలో రెండు తెరలూ ఒకేసారి తోసుకుని వచ్చేశారు. ఆపా ఆవిడని చిరునవ్వుతోనే బయటికి పంపి మళ్ళీ రమ్మంది.

"ఇదేం చాదస్తమండీ?" అన్నారావిడ.

"లోపల జుట్టు విరబోసుకుని కూర్చున్నావిడ మీకు కనబడ్డానికి ఒప్పుకున్నారండి. వీధికి ఒప్పుకోలేదు కదా."

ఆ మాటని నేనప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. తెరలంటే నాకూ ఇష్టమే, కాకపోతే నా కారణం వేరు. ఇంటర్ తప్పి, పంతొమ్మిదో ఏట రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చి ఆపా దగ్గర పనికి కుదిరాను. అంతకు ముందు ఏడే టైఫాయిడ్ వచ్చి నా జుట్టు సగానికి సగం ఊడిపోయింది. మిగిలింది ఎలక తోకలా ఉండేది. అందరూ నన్ను బుద్ధిమంతురాలనుకునేవారు, ఎంత ఎండలోనైనా స్కార్ఫు చెవుల మీంచి జరగనివ్వదని మెచ్చుకునేవారు. నేను స్కార్ఫుని ప్రేమించింది భక్తితో కాదు. వీధిలో ఎవరి జడ ఎంతో ఎవరికీ తెలియదు, అక్కడ అందరం సమానం. నేను ఓడిపోయేది ఆకుపచ్చ తెర దాటాకే.

నేను చేరిన నాలుగేళ్ళకి రెహానా వచ్చింది. రామచంద్రపురం పిల్ల. నాన్న ఆటో నడిపేవాడు. మొదటిరోజు పిన్నులు తీసి లోపలికి రాగానే పార్లర్లో మాటలు ఆగిపోయాయి. జడ మోకాళ్ళ దగ్గర ఊగుతోంది. జడ సంగతి అలా ఉంచి, ఆ పిల్ల మంచిది కావడం నాకు మరీ మంట. కాస్త పొగరుబోతైతే హాయిగా తిట్టుకునేదాన్ని. "షమీమక్కా, నువ్వు తిన్నావా?" అంటూ నా డబ్బాలోకి తన చేపముక్క వేసేది. ఆ ముక్క రుచిగా కూడా ఉండేది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆపా తన కత్తెర రెహానా చేతికిచ్చింది. నా చేతికి రెండేళ్ళకి గాని రాలేదు ఆ కత్తెర. పని లేనప్పుడు ఆపా ఆ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె పెట్టేది. నేను తువ్వాళ్ళు మడత పెడుతూ చూసేదాన్ని. ఆపా వేళ్ళు ఎన్నిసార్లు పైకీ కిందికీ వెళ్ళాయో లెక్కపెట్టేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

నెలకోసారి ఖైరున్ గారు వచ్చేవారు. ఆపా ఈడే, కాలేజీలో ఆపా స్నేహితురాలట. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆవిడ వచ్చిన రోజు ఆపా పొద్దున్నే గోరింటాకు తనే నానబెట్టి, తనే పాయలు తీసి, తనే పట్టించి, తనే కడిగేది. ఆ గంటన్నరా ఇద్దరూ పిల్లల గురించీ, చేపల ధర గురించీ తప్ప ఏమీ మాట్లాడుకునేవారు కాదు. వెళ్ళేటప్పుడు ఖైరున్ గారు తెర దగ్గర ఒక్క క్షణం ఆగి, "వస్తా జులేఖా" అనేవారు. ఆపా ఆ వేళంతా ముభావంగా ఉండేది. పెద్దవాళ్ళ స్నేహాలు ఇలాగే ఉంటాయి కాబోలనుకునేదాన్ని.

ఒక ఏడు రంజాన్ అయ్యాక ఆపాకి ఒక ఆలోచన వచ్చింది. ఆడవాళ్ళకి మాత్రమే, ఆడవాళ్ళ ముందు మాత్రమే, అందాల పోటీ. కొందరు బుగ్గలు నొక్కుకున్నారు.

"మనకి అందాల పోటీలేంటాపా?" అంది ఒకావిడ.

"ఏం, మీ ఇంట్లో అద్దం లేదా?" అంది ఆపా.

రాజమండ్రిలో ఒక పెళ్ళిళ్ళ హాలు మేడ మీద ఏర్పాట్లు జరిగాయి. కిటికీలకి దుప్పట్లు కట్టాం. మైకు బిగించినతను వైర్లు కలిపి కిందికి వెళ్ళిపోయాడు. వీడియో లేదు, ఫొటో లేదు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర ఒక నీలం ప్లాస్టిక్ టబ్బులో వేసి తువ్వాలు కప్పాలి. ఆ టబ్బుకి కాపలా నేను. "ఇది నీకే ఇస్తున్నా, ఇంకెవరికీ ఇవ్వను" అంది ఆపా. నా పేరు కూడా పోటీలో ఇచ్చానని తెలిసి సంతోషించింది. తీరా ఆ రోజు వచ్చేసరికి రెహానా జుట్టు మాత్రం తనే దువ్వడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను. "నీది నువ్వు చేసుకోగలవమ్మా, నీ చెయ్యి తిరిగింది" అంది తలెత్తకుండా. మెచ్చుకుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం గుమ్మంలోంచి గెంటేసినట్టనిపించింది.

న్యాయనిర్ణేతల్లో ఖైరున్ గారొకరు. అందరినీ ఒకటే ప్రశ్న అడిగారు, అందమంటే ఏమిటని. నేను మూడురోజులు బట్టీ పట్టి అంతఃసౌందర్యం మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఎవరో ఆవలించారు. రెహానా మైకు పట్టుకుని కాసేపు తడబడి, "ఏమోనండి, ఈ రోజైతే నేను బాగానే ఉన్నాననిపిస్తోంది" అంది. హాలంతా నవ్వులు, చప్పట్లు. గెలిచినవాళ్ళకి కిరీటం బదులు ఆపా కుట్టిన జరీ దుపట్టా ఒకటి పెట్టారు. ఖైరున్ గారు దాన్ని రెహానా భుజాల మీద కప్పుతున్నప్పుడు ఆ పిల్ల జుట్టు మొత్తం వదిలేసి తలెత్తి నవ్వింది. అంత బాగుండడానికి ఎవరికైనా హక్కుందా అనిపించింది. నా చెయ్యి తువ్వాలు కిందికి వెళ్ళింది. నా ఫోన్ దొరికింది. ఒక్క ఫొటో తీశాను.

రెహానాకి భీమవరం సంబంధం కుదిరి అప్పటికి నెలైంది. మర్యాదస్తులు, కాస్త కట్టుబాట్లున్నవాళ్ళు. పెళ్ళికొడుకు అక్క ఒకసారి పార్లర్కి వచ్చి నాకు తన నంబరు ఇచ్చి వెళ్ళింది. ఆ నంబరుకి ఆ ఫొటో పంపిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మీ కాబోయే కోడలు స్టేజీ ఎక్కిందని ఒక్క ముక్క రాస్తే చాలు. మూడురోజులు ఆ ఫొటో చూస్తూనే ఉన్నాను. పంపాలని తీసేదాన్ని, ఆగిపోయేదాన్ని. ఎందుకు ఆగానో చెప్పుకోడానికి గొప్ప కారణం ఏమీ లేదు. అది పంపేస్తే నాతో పాటు ఇంకొకరు కూడా ఆ అందం చూస్తారు కదా అని కూడా మండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం రెహానా బజారు పని మీద వెళ్ళినప్పుడు ఆపా లోపలి గొళ్ళెం పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"స్టేజీ మీంచి చూసేనే. నువ్వు ఫోన్ తీసేవు. నువ్వే వచ్చి చెప్తావని మూడ్రోజులు చూసేను."

తిడుతుందనుకున్నాను, పని మానెయ్యమంటుందనుకున్నాను.

"ఎవరికైనా పంపేవా?"

"లేదాపా. పంపుదామనుకున్నాను."

ఆపా తన చేతులు చూసుకుంది. వాటికి గోరింటాకు రంగు ఎప్పుడూ పోదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట, ఆడపిల్లల కాలేజీలో చదివేటప్పుడు, హాస్టల్ డే నాడు పిల్లలు సరదాగా పెట్టుకున్న అందాల పోటీలో ఖైరున్ గెలిచింది. ఆ సంతోషంలో ఇద్దరూ స్టూడియోకి వెళ్ళి చెరో ఫొటో దిగారు, ఖైరున్ తల మీద చున్నీ తీసి. దాచుకోడానికే. రెండ్రోజుల తర్వాత ఆపా ఒక్కతే స్టూడియోకి వెళ్ళి, ఖైరున్ బొమ్మ షోకేసులో పెట్టుకోండి, ఆవిడేం అనుకోదు అని చెప్పి వచ్చింది. బజారుకి వచ్చేపోయేవాళ్ళందరూ చూశారు. ఖైరున్ చదువు ఆ నెలతో ఆగిపోయింది. లెక్కల్లో కాలేజీ ఫస్టు వచ్చే పిల్ల.

"నాన్న కొట్టేడని ఏడవలేదే అది. నన్నడక్కుండా నన్నెవరు బజార్లో పెట్టేరని ఏడిచింది. నా భుజం మీదే తల పెట్టుకుని ఏడిచింది. నేను ఓదార్చేను."

"ఆవిడకి చెప్పలేదా ఆపా?"

"నోరు రాలేదు. ప్రతి నెలా ఈసారి చెప్పేద్దామనే పొడి నానబెడతాను. తల కడిగేసరికి ధైర్యం కూడా కొట్టుకుపోద్ది. కుళ్ళు పోద్దని చెప్పను నీకు. నాకు ఇప్పటికీ పోలేదు. ఆ తల ముట్టుకున్నప్పుడల్లా ఉంటుంది. అది ఉన్నా చెయ్యి దాని పని అది చెయ్యాలి. నువ్వెళ్ళి రెహానాకి చెప్పు. నాలా మిగిలిపోకు. నా సంగతి మాత్రం నేనున్నంతకాలం నీ దగ్గరే ఉంచు" అంది.

ఆపా కళ్ళ ముందే ఆ ఫొటో చెరిపేశాను. పెళ్ళికి రెండ్రోజుల ముందు రెహానా జుట్టు చిక్కు తియ్యమని ఆపా నన్నే పురమాయించింది. మొదటిసారి ఆ జుట్టు నా చేతుల్లోకి వచ్చింది. పట్టు చీరలా బరువుగా ఉంది. సగం దువ్వాక చెప్పేశాను. ఫొటో తీసినదీ, ఎవరికి పంపాలనుకున్నదీ, అన్నీ. అద్దంలో రెహానా మొహం చూసే ధైర్యం లేక దువ్వెన వైపే చూస్తూ చెప్పాను.

"తీసేసేవా?" అని అడిగింది.

"తీసేశాను."

"ఆ రోజు నేనెలా ఉన్నానో నేను చూసుకోలేదక్కా. నువ్వు మూడ్రోజులు చూసేవు."

అంతే అంది. తిట్టలేదు. నా చేతిలోంచి జుట్టు మెల్లిగా లాక్కుని ముడి వేసుకుంది. కుర్చీ మీదున్న స్కార్ఫు తీసి తలకి చుట్టుకుంది, చెవుల మీంచి జరగకుండా. ఆకుపచ్చ తెరకి ఇవతల, నా ముందు, తల కప్పుకుంది. మిగతా జుట్టు ఆపా చేత దువ్వించుకుంది, నన్ను నీలం తెర అవతలికి పంపాక. పెళ్ళై భీమవరం వెళ్ళింది. పుట్టింటికి ఎన్నోసార్లు వచ్చిందని విన్నాను, పార్లర్కి మాత్రం మళ్ళీ రాలేదు.

ఈ రోజు ఖైరున్ గారి తలకి గోరింటాకు పట్టిస్తూ నేనే మొదలుపెట్టాను. ఆపా లేదు కాబట్టి ఆపాకిచ్చిన మాట తీరిపోయింది. స్టూడియో షోకేసు అనగానే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"తెలుసమ్మా. ఆ వారమే వెళ్ళి స్టూడియో ఆయన్ని అడిగేను. ఆయన చెప్పేసేడు."

నా చేతిలో పాయ జారిపోయింది. "మరి ఇన్నేళ్ళు ఆవిడ చేతికి తలెలా ఇచ్చారండీ?"

"ఈ నెలైనా చెప్తుందేమోనని వచ్చేదాన్ని" అన్నారు ఖైరున్ గారు. తల కాస్త పక్కకి వంచి, "చెవి దగ్గర కారుతోంది, చూడు" అన్నారు.

తుడిచాను. పోయిన మనిషి మీద కుళ్ళుకోవచ్చో లేదో గాని, ఆ క్షణంలో నాకు ఆపా మీద ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చెప్పలేదు, అయినా ఖైరున్ గారు ఏళ్ళ తరబడి నెల నెలా వచ్చి తల వంచి కూర్చున్నారు. నేను ఆపా చెప్పినట్టే రెహానాకి చెప్పాను. చెప్పి పోగొట్టుకున్నాను. అయినా ఆపా మాట తప్పు అని ఒక్కరోజు కూడా అనుకోలేకపోతున్నాను. చేతులు మాత్రం ఆవిడ నేర్పినట్టే కుదుళ్ళ నుంచి కొసల దాకా పాయ పాయకీ పట్టిస్తూ పోయాయి.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. నీలం తెర పడింది. రెండడుగుల చోటులో ఎవరో చెప్పులు విడుస్తున్నారు, పిన్నులు ఒక్కొక్కటీ గిన్నెలో పడుతున్నాయి. ఆకుపచ్చ తెర లేచేదాకా ఎవరో తెలియదు. గోరింటాకు చేతుల్తో అటే చూస్తూ నిలబడ్డాను. ప్రతిసారీ రెహానాయేమో అనుకుంటాను.