ఆషాఢంలో అడవిదారిన వచ్చిన అల్లుడు

మా ఆయన మాచర్ల దగ్గర అడవిలో ఫారెస్టు గార్డు. మా ఇల్లు ఊరి చివర, పెరడు దాటితే అడవే. వాన పడితే చాలు, టౌను కుర్రాళ్లు జీపులేసుకొని వచ్చి వాగుల్లో పడి తోలేవాళ్లు. దారి కాని దారిన బండి పోతే మొలకలన్నీ చక్రాల కింద నలిగిపోతాయని మా ఆయన బాధ. నా గురించి ఎన్నడూ అంత బాధపడినట్టు గుర్తు లేదు.

ఆ ఏడు జ్యేష్ఠంలో ప్రెసిడెంటుగారి మేనల్లుడి జీపు పట్టి కేసు రాశాడు. ప్రెసిడెంటు ఇంటికొచ్చి అడిగినా వదల్లేదు. అప్పటినుంచి టీ బంకు దగ్గర ఒకటే మాట: "చూద్దాంలేవయ్యా, తనోళ్లు దొరికినప్పుడు." తనవాళ్లను వదిలిన రోజున అడవిలో తన మాట ఇంకెవడూ వినడని మా ఆయనకూ తెలుసు.

ఆషాఢం వచ్చింది. కొత్తగా పెళ్లయిన మా అమ్మాయి పుట్టింటికి వచ్చింది. ఆ నెలంతా అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. నరసరావుపేటలో ఉద్యోగం చేసే మా అల్లుడు పది రోజులు ఓపిక పట్టాడు. పదకొండో రోజు మధ్యాహ్నం, ఊళ్లోవాళ్ల కంట పడకుండా అడవిలోంచి జీపు తోలుకొచ్చి మా పెరట్లో దిగాడు. గడప తొక్కలేదు గదా అని నేనూ వేపచెట్టు కింద మంచం వేసి కోడికూర వడ్డించాను.

సగం తిన్నాడో లేదో, చక్రాల జాడ పట్టుకొని వంగి వంగి చూసుకుంటూ మా ఆయన వచ్చాడు. తల ఎత్తితే తన పెరడు, తన మంచం, తన అల్లుడు. తినే మనిషిని లేపకూడదని పక్కన నిలబడ్డాడు. అల్లుడు మూడోసారి మజ్జిగ పోయించుకున్నాడు. ఎంత నెమ్మదిగా తిన్నా అన్నం అయిపోక తప్పదు. అల్లుడు చెయ్యి కడిగాక మా ఆయన కేసు కాయితం తీశాడు.

"మామయ్యగారూ, జరిమానా కడతాను. తేదీ మాత్రం వచ్చే నెలది వెయ్యండి. ఆషాఢంలో వచ్చానని తెలిస్తే మా అమ్మ ఊరుకోదు."

"వచ్చే నెల తప్పుకి ఇయ్యాళ కేసు ఎట్టా రాసేది అల్లుడుగారూ? సంతకం పెట్టండి."

"ఏందయ్యా నువ్వు, పిల్ల మొహమన్నా చూడు" అన్నాను నేను.

"చూశా. నవ్వుతా ఉంది."

నిజమే, కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

జీపు రేంజి ఆఫీసుకు పోయింది. అల్లుడు బస్సు కోసం నడివీధిన నడవాల్సి వచ్చింది. పక్కనే మామగారు, సంచి మోస్తూ, చానా మర్యాదగా, టీ బంకు ముందు నుంచే. బంకు దగ్గర చూద్దాంలే అన్నవాళ్లంతా లేచి నిలబడ్డారట.

పక్కింటి వదిన మాత్రం గోడ మీద నుంచి అడిగింది. "ఏమే, ఆషాఢంలో అల్లుడొచ్చాడా మీ ఇంటికి?"

"మా ఇంటికి రాలేదు వదినా, అడవికొచ్చాడు. కాయితంలో కూడా అట్టాగే ఉంది."