నేను ఏరి తెచ్చిన మడత కత్తి

ఒకే ఒక్క కాయ కోసి, మా నాయన పరువును మాత్రం నిలువునా కోసిన కత్తి ఒకటుంది మా ఇంట్లో. దాన్ని ఏరి తెచ్చిన మొనగాణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం, అలవాటైపోయింది.

బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోట. గుజ్జు ఫ్యాక్టరీ ఆయన సరుకు చూడటానికి వస్తే, కాయ ఎంచేది ఆయన, కోసి చూపించేది తోటవాళ్ళు. ఆ ఏడు కాయ చెట్టుమీదే మగ్గిపోతోంది. మరునాడు ఆయన వచ్చి చూసి సరేననకపోతే పంటంతా నేలపాలే.

అంతటి మనిషి ముందు నాయన తన పాత మడత కత్తి తీస్తాడని నాకు సిగ్గు. సొన తగిలి తగిలి ఇనుము నల్లబడింది. పిడి పగిలితే రాగితీగ చుట్టాడు. చెప్పకుండా దాన్ని జేబులో వేసుకుని, హైవే పక్కన కత్తులమ్మే పెద్దాయన దగ్గరికి పోయాను. ముంజేతి వెంట్రుకలమీద పదును చూసి చూసి, నా ఎడమచెయ్యి తిరుమలలో మొక్కు తీర్చుకున్నట్టయింది.

"ఇనపది తీసుకోప్పా. నల్లబడతాది గానీ రాయిమీద రెండుసార్లు రుద్దితే సాలు," అన్నాడు పెద్దాయన.

"నల్లది వద్దు. ఆ తళతళలాడేది ఇయ్యి."

"దాని కీలు బిగువప్పా! సొన దిగితే పట్టేస్తాది."

"బిగువుంటేనే గదా గట్టి సరుకు!"

తెల్లనివన్నీ పాలు కావని చెప్పారే గానీ, తళతళలాడేవన్నీ కత్తులు కావని నాకెవరు చెప్పారు? చెప్పిన ఒక్క మనిషి మాటా నేను వినలేదు. పైగా నాయన కత్తిని ఆయన ముందు పడేసి, "దీన్ని యాడన్నా పారేయ్," అని దర్జాగా వచ్చాను.

మరునాడు ఫ్యాక్టరీ ఆయన కాయ ఎంచి ఇచ్చాడు. టక్కున కోసి, టక్కున మడిచాను. ఏం స్టైలు!

"ఇంకోటి కొయ్యప్పా," అన్నాడాయన.

కత్తి తెరుచుకోదే! గోరు విరిగింది. పళ్ళతో లాగాను. నాయన గుంజాడు.

"నా కత్తి యాడ్రా?"

"పాతదైందని పారేసినాను నాయనా..."

"నేనూ పాతోణ్ణే గదరా, నన్నూ పారేయ్!"

"కత్తే లేనోళ్ళు తోటేం సూసుకుంటారప్పా," అని విసుక్కుంటూ ఫ్యాక్టరీ ఆయన తన జేబులో చెయ్యి పెట్టాడు. బయటికొచ్చింది నల్లటి ఇనుము. పిడికి రాగితీగ.

"పొద్దన్నే రోడ్డుపక్కన కొన్నాను. ఏం పదునప్పా! ఎవడో తిక్కోడు పారేసిపోయినాడంట."

నాయన తీగను చూశాడు. నన్ను చూశాడు. "ఆ తిక్కోడు మా ఇంట్లోనే అన్నం తింటా ఉండాడప్పా."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఆ కత్తితోనే ఇంకో మూడు కాయలు కోసి రుచి చూశాడు. "రేపు లారీ పంపిస్తా. కత్తి మాత్రం ఇయ్యను," అని జేబులో వేసుకుని పోయాడు.

నా కత్తి ఇప్పటికీ తెరుచుకోలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ నాయన దాన్ని చూపిస్తాడు, "మావోడు ఏరి తెచ్చినాడు," అని. అందుకే మా తోటలోని ప్రతి చెట్టు సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఈ జన్మలో నేను కత్తి ఏరను. మామిడికాయ కొరుక్కునే తింటాను.