బూట్లు విప్పించిన సీజన్ ప్రివ్యూ

2024 సెప్టెంబరు, మస్కట్. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో ఆరు కాలేజీలు, ఒకే ఒక్క కప్పు. ఒక మనిషి తన మాట కోసం లీగ్ మొత్తానికి ఎదురు నిలబడిన మహాగాథను మీకు చెప్పబోతున్నాను. అంటే, అలా చెప్పాలని నాకూ ఉంది. నిజానికి ఇది ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ గురించి. ఆ కాలమ్ పేరు ఎత్తు.

నేను మస్కట్‌లోని ఘలా పేటలో ఒక ఈవెంట్స్ కంపెనీలో మీడియా కోఆర్డినేటర్‌ని. కాకినాడలో మా అమ్మ దీన్ని టీవీ ఉద్యోగం అని చెప్పుకుంటుంది; నేను ఖండించలేదు. మా కంపెనీ కాలేజీల బాస్కెట్‌బాల్ లీగ్ నడుపుతుంది. ఆటలు మొదలయ్యే ముందు ఏ జట్టు ఎలా ఉంది, ఎవరు నెగ్గేలా ఉన్నారు అని ఒక చిన్న పుస్తకం వేస్తాం. దాన్నే సీజన్ ప్రివ్యూ అంటారు. ఇంకా జరగని ఆటల గురించి గట్టి నమ్మకంతో రాయడమే నా పని. జాతకం లాంటిదే, కాకపోతే ఫొటోలు ఎక్కువ.

ప్రివ్యూ చివరి పేజీలో సీడింగ్ ఉంటుంది, అంటే జట్లకు ముందుగా ఇచ్చే వరుస. మా బాస్ జోసెఫ్ సార్ దానికొక లెక్క పెట్టాడు: కిందటేడు ఎన్నో స్థానం, పాత ఆటగాళ్లు ఎంతమంది మిగిలారు, కోచ్‌లు రాసి పంపిన ఎత్తుల సగటు ఎంత. మొదటి నాలుగు జట్లు నేరుగా లీగ్‌లోకి వెళ్తాయి. మిగిలిన రెండూ ప్లే-ఇన్ అనే ఒక్క మ్యాచ్ ఆడాలి. అందులో ఓడిన జట్టుకు ఆ రోజుతోనే సీజన్ అయిపోతుంది.

లెక్క వేస్తే, మస్కట్‌కు బస్సులో గంటల దూరంలో ఉన్న బురైమి కాలేజీ ఆరో స్థానంలో తేలింది. కిందటేడు వాళ్లది నాలుగు. ఆటగాళ్లంతా పాతవాళ్లే. నాకు అనుమానం వచ్చి పాత పుస్తకం తీశాను. బుట్ట కింద నిలబడే పొడగరిని సెంటర్ అంటారు. వాళ్ల సెంటర్ మాజిన్ ఎత్తు పోయినేడు నూట తొంభై ఎనిమిది సెంటీమీటర్లు, ఈసారి నూట తొంభై ఒకటి. మిగతావాళ్లూ తలా కాస్త తగ్గారు. ఇక్కడి ఎండకు బట్టలు వెలిసిపోవడం చూశాను గానీ, జట్టుకు జట్టే ముడుచుకుపోవడం అదే మొదటిసారి.

కోచ్‌కి ఫోన్ చేశాను. ఖాజా సార్‌ది కడప. చాలా ఏళ్ల కిందట పీఈటీగా ఒమన్ వచ్చి, ఆ వేసవిలోనే బురైమి జట్టు బాధ్యత తీసుకున్నారు.

"సార్, మీ పిల్లలకు ఏమన్నా జబ్బు చేసిందాండి? అందరూ పొట్టి అయిపోయారు."

"జబ్బేంది నాయనా. గోడకు నిలబెట్టి, ఒట్టి కాళ్లతో కొలిసినా. అంతే ఉండారు."

"అందరూ బూట్లతోనే రాస్తారండి."

"బూట్లా ఆడేది? పిల్లోడు ఆడతాడా?"

 ఈ వృత్తిలో ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదిది. బాస్కెట్‌బాల్‌లో ఎత్తును బూట్లతో కొలుస్తారు, ఆ పైన జుట్టుకు కొంత కలుపుతారు, ఆ పైన కాలేజీ గౌరవానికి కొంత కలుపుతారు. ఎదుటి జట్టు పుస్తకం చూసి భయపడాలని ఈ ఏర్పాటు. అందరూ కలుపుతారు కాబట్టి ఎవరూ భయపడరు. ఒక్కడు కలపడం మానేస్తే మాత్రం వాడు మునుగుతాడు.

మునిగితే ఏమవుతుందో కూడా ఆయనే చెప్పారు, బస్సు టైము చెప్పినంత మామూలుగా. ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికొచ్చే జట్టుకు మస్కట్ దాకా బస్సెందుకు, దానికో కోచ్ ఎందుకు అని కాలేజీవాళ్లు అన్నారట. ప్లే-ఇన్‌లో పోతే జట్టు ఎత్తేస్తారు. ఆయన కాంట్రాక్టు, దానితో పాటే వీసా కూడా అక్కడితో ఆగుతాయి.

అయితే ఇంకేం, తలా ఐదు కలిపి మళ్లీ పంపండి, నేను చూడనట్టు ఎక్కించేస్తాను అన్నాను. 

"లైను తొక్కితే రెఫరీ చూడకపోయినా మీరే చెయ్యెత్తండిరా అని రోజూ చెప్తాండా పిల్లోళ్లకు. ఈ పొద్దు వాళ్లకే అబద్ధం తొడిగి పంపీమంటావా?"

"మరి ఆరో స్థానమేనాండి?"

"ఆడతాం. ప్లే-ఇనే ఆడతాం. అబద్ధం మాత్రం రాయను."

సినిమాలో అయితే ఇక్కడ వర్షం పడాలి. బయట నలభై రెండు డిగ్రీలు. నేను ఫోన్ పెట్టేసి, ఏసీ పెంచుకుని, ఈ పుస్తకం ఇలా వెళ్లనివ్వకూడదని నిర్ణయించుకున్నాను. వీరత్వం ఏమీ కాదు. ఆరు జట్లలో ఒక్కదాన్నే టేపుతో కొలిచి, మిగతావాటిని ఊహతో కొలిచిన పుస్తకం కింద నా పేరు పడుతుంది.

జోసెఫ్ సార్ ఒప్పుకోలేదు. కోచ్ సంతకం చేసిన ఎత్తే ఎత్తు, డెబ్బై మందిని మళ్లీ కొలవడానికి తీరిక ఎవరికి ఉంది అన్నాడు. అందులో న్యాయం ఉంది. అందుకని తీరిక అక్కర్లేని దారి వెతికాను. ఆ వారమే మీడియా డే, అంటే జట్లన్నీ మస్కట్ వచ్చి ప్రివ్యూ కోసం ఫొటోలు దిగే రోజు. ఈసారి ఒమనీ పద్ధతిలో మజ్లిస్ సెట్ వేద్దాం సార్, ఎర్ర కార్పెట్, దిండ్లు, కాఫీ కూజా పెడదాం, గోడ పక్కన ఒక కొలబద్ద కూడా నిలబెడదాం అన్నాను. సెట్ ఆయనకు బాగా నచ్చింది. కొలబద్ద గురించి, ఆలస్యం కానంత వరకు సరే అన్నాడు.

మజ్లిస్ అంటే ఇక్కడి ఇళ్లలో అతిథుల గది. దాని కార్పెట్ మీద బూట్లతో ఎవరూ అడుగు పెట్టరు. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. వచ్చిన ప్రతి ఆటగాడూ తనంతట తనే గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కార్పెట్ ఎక్కి, కొలబద్ద పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. కోచ్‌ల ముందే చదివాం, వాళ్ల ముందే రాశాం.

మస్కట్ కాలేజీ ఒకదాని సెంటర్ కాగితం మీద రెండు మీటర్ల మూడు సెంటీమీటర్లు. కార్పెట్ మీద నూట తొంభై నాలుగు. పాపం ఆ అబ్బాయి ఆ కాగితాన్ని నమ్మి ప్రతి గుమ్మం దగ్గరా తల వంచుతున్నాడు. వాళ్ల కోచ్ స్నేహంగా నా భుజం మీద చెయ్యేశాడు.

"హబీబీ, మీ కార్పెట్ బాగా మెత్తగా ఉంది. మావాడు లోపలికి దిగిపోయాడు."

"కార్పెట్ కింద టైల్స్ ఉన్నాయండి కోచ్. తొమ్మిది సెంటీమీటర్లు దిగడానికి చోటు లేదు."

బురైమి జట్టు చివర్న వచ్చింది. ఖాజా సార్ కార్పెట్ ఎక్కకుండా పక్కనే నిలబడి, మడమలు గోడకు ఆన్చండి అని ఒక్కొక్కరికీ చెప్పారు. మాజిన్ నూట తొంభై ఒకటి. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు.

సాయంత్రం ఆఫీసులో అసలు పేచీ మొదలైంది. ఇద్దరు కోచ్‌లు అప్పటికే ఫోన్ చేసి పాత ఎత్తులే వేయమన్నారు. జోసెఫ్ సార్ మెత్తబడుతున్నట్టు కనిపించాడు. వేస్తే అందరివీ కొత్తవి వేద్దాం, లేదంటే లెక్కలోంచి ఎత్తు తీసేద్దాం, రెండూ కాదంటే పుస్తకంలో నా పేరు తీసేయండి అన్నాను. నా పేరు తీస్తే ఆరు జట్ల గురించి ఆయనే రాయాలి. అది ఆయన్ని బాగా ఆలోచింపజేసింది. కొత్తవే ఎక్కించమన్నాడు.

లీగ్ మొత్తం ఒక్క రాత్రిలో పొట్టిదైపోయింది. బురైమి నాలుగో స్థానానికి వచ్చింది. ప్లే-ఇన్ తప్పింది, సీజన్ అంతటికీ బస్సును, కోచ్‌ను కాలేజీవాళ్లు ఖాయం చేశారు. తల వంచే అబ్బాయి జట్టు ఐదుకు దిగింది. నేనే బురైమికి ఫోన్ చేసి చెప్పాను. కృతజ్ఞతలు వినడానికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"నాలుగా? సరే నాయనా. పిల్లోళ్లు ఎదురుచూస్తాండారు, ప్రాక్టీసుంది," అని పెట్టేశారు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. ఒక్కడు సరిగ్గా కొలిచి తెచ్చినప్పుడు, వాడిని కూడా నాలుగు సెంటీమీటర్లు కలుపుకోమని బతిమాలడం కన్నా మిగతావాళ్లందరినీ కొలవడం తేలిక. నిజం దారికి అడ్డం పడేది తరచుగా అబద్ధం కాదు, ఆలస్యం అవుతుందేమోనన్న భయం. ఇది రాసుకుని గోడకు అంటించుకుందామనుకున్నాను.

ఆ తరువాత మా ఫిజియో చెప్పిందేమిటంటే, వెన్నుపూసల మధ్య మెత్తదనం అణిగి, ఏ మనిషైనా పొద్దుటికంటే సాయంత్రానికి ఓ సెంటీమీటరు తగ్గుతాడట. కాబట్టి ఇప్పుడు అందరి కొలతలూ ఒకే వేళకు, ఉదయం తొమ్మిదికే. కోచ్‌లకు పంపే నోటీసులో ఆ కింద ఇంకో లైను ఉంటుంది: బస్సులు వెనక గేటు దగ్గర ఆపాలి.