కొట్టేసిన ప్లీజులు

షికాగో ఎయిర్‌పోర్టులో ఫ్లైట్ మళ్లీ లేటు. కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది. పక్క సీట్లో పెద్దావిడది నార్వేట. ఏదో హోటల్ వాళ్ల ఇంగ్లీషు బోర్డుల్లో రాతల్ని కాగితాల మీద తన భాషలోకి మారుస్తోంది. కనిపించిన ప్రతి 'ప్లీజ్'నీ పెన్సిల్‌తో కొట్టేస్తోంది.

"ఎందుకలా?" అన్నాను.

"మా భాషలో దీనికి సరిపోయే మాట లేదు. అడిగే తీరులోనే మర్యాద ఉంటుంది."

నవ్వొచ్చింది. మా ఇంట్లో ఎవరైనా "దయచేసి అన్నం పెట్టు" అంటే అలిగారనుకుంటాం. ఇక్కడేమో నా మెయిల్స్ దురుసుగా ఉంటున్నాయని మేనేజర్ పిలిచి మరీ చెప్పాడు. అప్పట్నుంచి వాక్యానికో ప్లీజ్ పెట్టలేక చస్తున్నాను.

ఇంతలో అతని మెయిలే వచ్చింది. జవాబు టైప్ చేసి, మా మేనేజర్‌కని చెప్పి ఆవిడకి చూపించాను. "ఇందులోవి కూడా కొట్టేస్తారా?"

ఆవిడ చదివి, ఫోన్ తిరిగిచ్చేసింది.

"మీకు ఉద్యోగం కావాలి కదా. ఉండనివ్వండి."