ఉప్పునీళ్ల బావి పక్కన కారు

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తక్కినదంతా నెల్లూరు లైబ్రరీలో బెంచీ మీద కూర్చుని చదువుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. మైపాడు దారిలో మా పక్కింట్లో ఉండే కాంపౌండరన్న పాత కారు కొన్నప్పుడు నా చదువు మరొకరికి అక్కరకొచ్చిందని పొంగిపోయాను.

అది అరవయ్యో దశకం మొదట్లో మాట. దేశం విడిచి వెళ్లిపోయిన ఒక తెల్లదొర బంగళా షెడ్డులో ఆ కారు ఏళ్ల తరబడి పడి ఉండేది. గుడ్డ టాపు, రెండు పక్కలా పొడుగాటి ఫుట్‌బోర్డులు, రబ్బరు బుడ్డి హారను. ఎద్దుల చేత లాగించి ఇంటికి తెచ్చేసరికి వెనక సీట్లో కోడి ఒకటి పొదుగుతూ కూర్చుని ఉంది. అన్న భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దొర కారు తెస్తానని కోళ్లగూడు తెచ్చినావా?"

"క్రిస్మస్‌కు నిన్ను దీంట్లోనే నెల్లూరు చర్చికి తీసకపోతా, చూస్తా ఉండు."

"ఎవురూ తొయ్యకుండా పెద్దరోడ్డు దాకా పోయి రానీ. అందాకా నేను దీంట్లో కాలు పెట్టను."

ఇక అన్నకు అదే ధ్యాస. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చర్చి వాకిట్లో దిగాలి. నేను సైకిలెక్కి నెల్లూరు వెళ్లి, మోటార్ల గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క పెట్టుకుని చదివేవాణ్ణి. బొమ్మలు కాగితాల మీద దించి తెచ్చేవాణ్ణి. కార్బురేటరు ఊపిరి ఎలా తీస్తుందో నేను చెబుతుంటే అన్న పేషెంటు గుండె వింటున్నట్టు తల వంచి వినేవాడు. పుచ్చిపోయిన చెక్క చట్రాన్ని పడవలు చేసే వడ్రంగి కొత్తగా చేసిపెట్టాడు. "నడవకపోతే చెప్పన్నా, సముద్రంలోకి తోసేద్దాం, తేల్తాది" అన్నాడు.

దొర డ్రైవరు రోజూ సాయంత్రం కారు కడిగేవాడని ఎవరో చెప్పారు. అన్న కూడా ఇంటికి రాగానే పెరటి బావిలో నీళ్లు తోడి కారు కడిగేవాడు.

"నాకెన్నడన్నా రెండు బిందెలు తోడిచ్చినావా?" అనేది వదిన. అయినా ఆయన రావడం ఆలస్యమైన రోజుల్లో తనే తోడి కడిగేది. అన్నకు చెప్పొద్దని నాకు సైగ చేసేది. ఒక్కసారి ఊరికే ఎక్కి కూచోమని ఆయన అడగని ఆదివారం లేదు. ఆమె నవ్వి లోపలికి వెళ్లిపోయేది.

చివరికి ఒక డిసెంబరులో కారు పెద్దరోడ్డు దాకా వెళ్లి, ఎవరూ తొయ్యకుండా తిరిగొచ్చింది. క్రిస్మస్ ఉదయం వదిన కొత్త చీర కట్టుకుని వచ్చింది. అన్న తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఫుట్‌బోర్డు మీద కాలు వేసింది. అది అప్పడంలా విరిగింది. పాదం కిందికి దిగబడి మడమ గీరుకుపోయింది. అన్న కారు కిందికి వంగి చేత్తో తడిమాడు. నల్లటి పెయింటు వెనక ఇనుమే లేదు, ఎర్రటి పొరలు రాలిపడ్డాయి. అడుగంతా అలాగే ఉంది. ఆమె పాదానికంటిన తుప్పు ఆయన తన తెల్ల పంచెతో తుడిచాడు. ఆ రోజు ముగ్గురం బస్సులో చర్చికి వెళ్లాం.

మా పెరటి బావి నీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదని వాడలో అందరికీ తెలుసు. వంటకూ తాగడానికీ ఊరవతల మంచినీళ్ల బావి నుంచి తెచ్చుకునేవాళ్లం. పప్పుకు పనికిరాని నీళ్లను ఇనుముకు రోజూ పోశాం. బండిని మంచినీళ్లతోనే కడగాలని ఆ పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది. తర్వాత చదివాను. మేం వెతికిందంతా ఇంజను గురించే. కడగడం కూడా చదివి నేర్చుకోవాలని మా ఇద్దరికీ తోచలేదు.

మరుసటి ఏడు పాత ఇనుము కొనేవాడు బండి తీసుకుని వచ్చాడు. వాణ్ణి కాసేపు ఆగమని వదిన లోపల్నించి పీట తెచ్చి కారు పక్కన వేసింది. దానిమీద కాలుపెట్టి, అంచులు పట్టుకుని జాగ్రత్తగా ముందు సీట్లోకి ఎక్కింది. అన్న అటు నుంచి ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. హారను నొక్కితే రబ్బరు పగిలి గాలి మాత్రం వచ్చింది.

ఆమె ముందుకు చూస్తూనే అంది: "ఆ పొద్దు కోడిని దించంగానే ఎక్కాల్సిందయ్యా."