సబ్బు నీళ్లల్ల లేజర్ సార్ రాయి

నేను ఐదో తరగతి కాడికే సదువుకున్న. రాసుడు అలవాటు లేదు. ఒత్తులు, దీర్ఘాలు ఏడ పెట్టాల్నో సక్కగ తెల్వదు. జర సర్దుకొని సదువుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి గని తిట్టకుండ్రి.

ఆ రోజుల్ల మనిషి కష్టపడితే అన్నీ మంచిగైతయని అనుకునేటోళ్లం. నేనైతే ఇంకో మెట్టు పైకి పోయి, ఎక్కువ కష్టపడితే ఎక్కువ మంచిగైతదనుకున్న. గదే కొంప ముంచింది (నా కొంపైతే పోనీలే అనుకుందును, మునిగింది ఇంకొకలది).

నాకప్పుడు ఇరవై ఏండ్లు. మాది మోతె దిక్కు. పత్తి ఏరుడు, నాట్లేసుడు తప్ప ఇంకో పని తెల్వదు. మా మేనమామ కోదాడ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీల వాచ్‌మన్, ఆయన చెప్పి నన్ను గాడ ఊడ్సుడు పనికి పెట్టిచ్చిండు. నాకు ఫిజిక్స్ ల్యాబు ఒప్పజెప్పిండ్రు. గా ల్యాబుల ఒక సార్ ఉండె, పిల్లలంత లేజర్ సార్ అనేటోళ్లు. నలభై దాటినయి, సగం బట్టతల, అంగీ జేబుకు ఎప్పుడు సూసినా సిరా మరక. ఎనిమిదేండ్ల సంది డాక్టరు పట్టా కోసం సదువుతున్నడంట (సూదులేసే డాక్టరు గాదు. నేను గది తెల్వక మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి రెండు రోజులు చెప్పిన, పాపం ఆయన మొత్తం ఇన్నడు).

ఆయనతోటి మాట్లాడెటోళ్లు లేరు. తోటి సార్లు ఆయన వస్తుంటే సూసి ఫోన్ చెవికి పెట్టుకునేటోళ్లు. గందుకే నేను తడిగుడ్డ పెడుతుంటే నాకు జెప్పేటోడు. లైటు మెల్లగ వేస్తే ఒక తీరు రాయిలకెల్లి ఎట్ల పోయింది అట్లనే బయటికొస్తదంట. బాగ జోరుగ వేస్తే మాత్రం లెక్క మారుతదంట, కంటికి కనవడని కిరణాలు రెండు లోపల కలిసి ఒక్క పచ్చ కిరణమై బయటికొస్తయంట. మా అమ్మ, మా మేనత్త ఎవరింట్ల వాళ్లుంటే ఏం గాదు, ఒక్క పెండ్లిల కలిస్తే మంట లేస్తది, గంతే గద సార్ అన్న. ఆయన శానసేపు నవ్వి, క్లాసుల అరవై మందికి చెప్పినా ఇంత జల్ది ఎవ్వలికీ సమజ్ కాలేదన్నడు. సప్పుడు గూడ జోరు పెంచితే గిట్లనే మారుతదంట. బెలూన్లల్ల నింపే హీలియం గాలిని బాగ సల్లగ చేస్తే నీళ్ల తీరు అయితదంట, ఇంకా సల్లగ చేస్తే గిన్నె గోడెక్కి తనంతట తనే బయటికి దిగుతదంట. పాలు పొంగినట్టా సార్ అంటే, "పొయ్యి లేకుండా పొంగుతుందమ్మాయ్" అన్నడు. కోదాడాయన గద, మాట జర ఆంధ్రా దిక్కు సాగుతది.

గా పచ్చ కిరణం తీసే రాయి ఆయన పానం. అగ్గిపెట్టెల సగముంటది, అద్దం తీరు మెరుస్తది. దానికోసం హైదరాబాద్‌ల తన పెద్ద సార్ ఇంటి సుట్టు రెండేండ్లు తిరిగి అడుక్కొచ్చుకున్నడు. ఒక శుక్రవారం పొద్దుగాల బయటినుంచి ఇద్దరు సార్లొచ్చి గా రాయిలకెల్లి పచ్చ ఎంతొస్తదో తమ ముందట కొలిపిచ్చి సూస్తరు, సరిగ్గొస్తే పట్టా, లేకుంటే లేదు. ఇచ్చిన గడువు గూడ గదే ఆఖరంట. ఇది గట్టెక్కితే ప్రిన్సిపాల్‌కు చెప్పి నా పని గూడ పర్మినెంట్ చేపిస్తనన్నడు.

గురువారం ఆయన వచ్చేటోళ్లకు రూము మాట్లాడనీకి కోదాడ పోతూ, ల్యాబు అద్దంలా ఉండాలన్నడు. ఇగ సూడుండ్రి నా కష్టం. ఫ్యాన్లు తుడిసిన, కిటికీలు కడిగిన, బల్ల కాళ్లు గూడ రుద్దిన. అన్నీ అయినంక రాయి డబ్బ తెరిసిన. రాయి మీద ఏలి ముద్ర ఉంది. గింత పెద్ద సార్లొస్తుంటే మరక ఉండొచ్చా? డబ్బల చెప్పుల అట్టపెట్టెల ఉండే అసుంటి గింజల పొట్లాలున్నయి, చెత్తనుకొని అవతల పారేసిన. స్టీలు గిలాసల గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు పొడి ఏసి, రాయిని నానేసిన. మా అమ్మ గాజులు గట్లనే నానేస్తది. గంటసేపు వరండా కడిగి వచ్చిన.

చెయ్యి పెట్టి తీస్తే, సగం సప్పరించిన పిప్పరమెంటు తీరుంది. మూలలు లేవు, మెరుపు లేదు. కొంగుతో తుడిసి ఎండల పెడితే నడిమిట్ల సన్నగ పగిలింది. రాయి నీళ్లకు కరుగుతదని ఎవ్వలన్న అనుకుంటరా? మిర్యాలగూడల మా పెద్దమ్మ రైసు మిల్లుకు పోతది, ఆమె దగ్గరికి పారిపోదామని బస్సు ఆగేకాడికి పోయిన. రెండు బస్సులు పోయినయి, ఎక్కబుద్ధి గాలే. గాడ కిరాణా దుకాణంల గాజు సీసా నిండ నవాతు, గదే పటికబెల్లం, కనవడ్డది. దేవుడు నాకోసమే పెట్టిండనుకున్న. తేటగున్న పెద్ద ముక్క ఏరుకొని, బండ మీద రుద్ది మూలలు తెచ్చి, మెరుపు రానీకి నాలుకతోటి నాకిన. ఒకదిక్కు ఏడుస్తున్న, ఒకదిక్కు తియ్యగుంది. రాయి జాగల దాన్నే డబ్బల పెట్టిన.

పొద్దుమూకినంక సార్ కొత్త అంగీ కొనుక్కొని వచ్చిండు. అంతా బాగుందా అమ్మాయ్ అన్నడు. తలకాయ ఊపిన. నోరు తెరవాల్సింది గప్పుడే, తెరవలే.

శుక్రవారం పొద్దుగాల ఇద్దరు సార్లు కూసున్నరు. మా సార్ దండం పెట్టి డబ్బ తెరిసిండు. లోపల సీమలు. రాయి సుట్టు లైను కట్టి, ఒకటి మా సార్ ఏలి మీదికి ఎక్కుతున్నది. ఆయన సీమను సూసిండు, రాయిని సూసిండు, నన్ను సూసిండు. నేను గోడకు ఆనుకొని మొత్తం చెప్పేసిన, నాకింది గూడ చెప్పిన. ఎవ్వలూ నవ్వలే. వచ్చినోళ్లల్ల ముసలి సార్ లేసి, ఎట్లాగూ తెచ్చిండ్రు గద, పెట్టండి సూద్దామన్నడు. పరదాలు ఏసిండ్రు, మిషన్ ఆన్ చేసిండ్రు. నవాతు లోపల మిణుగురు పురుగంత పచ్చ లైటు మెరిసింది. నిజంగ మెరిసింది. అయిపాయె, గట్టెక్కినం అనుకున్న.

"చక్కెరలో కూడా వస్తుందండి, కొద్దిగా" అన్నడు ముసలి సార్, మెల్లగ. "కానీ మీరు రాసిచ్చింది చక్కెర గురించి కాదు కదా."

వాళ్లకు మా సారే టిఫిన్ పెట్టిచ్చి కారెక్కిచ్చి వచ్చిండు. నన్ను తిట్టలే. తిడితే జర బతికిపోదును. కుర్సీల కూసొని, డబ్బల సీమలను దులిపి, "హీలియం గోడెక్కుతుందని చెప్పాను నీకు. ఇది నీళ్లకి కరుగుతుందని చెప్పలా. తప్పు నాదే అమ్మాయ్" అన్నడు. ప్రిన్సిపాల్‌కు మాత్రం రాయి తన చేతిలకెల్లి కింద పడ్డదని చెప్పిండంట. నన్ను తీసెయ్యలే. ఎండకాలం సెలవులైనంక సార్ మళ్ల రాలే.

మొన్న సూర్యాపేట బస్టాండుల ఆయన కనవడ్డడు. మొత్తం బట్టతల అయ్యింది. ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నడంట. డాక్టర్ అయిండ్రా సార్ అని అడిగిన, అడగకుంట ఉండాల్సింది. "లేదమ్మాయ్, వదిలేశా. ఆ సంగతి అడిగేవాళ్లు కూడా లేరిప్పుడు, నువ్వొక్కదానివే" అన్నడు. కోపమేం లేదు మాటల. నా పిల్లలు ఏం సదువుతున్నరో అడిగి, తన బస్సు రాంగనే పోయిండు.

నేను నా బస్సుల కూసున్న. గా ఇరవై ఏండ్ల పిల్ల యాదికొచ్చింది, కొంగు నడుముకు సెక్కి, లోకంల ఏ మరకైనా కడిగితే పోతదని నమ్మిన పిల్ల. ఎంత పానం పెట్టి కడిగింది, పాపం. ఏడుపు రావాలె గని సిన్నగ నవ్వొచ్చింది.

గింత రాసుడు నాకు మొదటిసారి. ఏడన్న అక్షరం తప్పు పోతే, ఎక్కువ తక్కువ రాస్తే, మీ ఇంటి ఆడిబిడ్డ రాసిందనుకొని మాఫ్ చెయ్యుండ్రి.