పక్కన పెట్టిన మిరపకాయలు

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. తిరిగే కాలు జక్రయ్యది, తిట్టే నోరు నాది. దేవుడు మా ఇద్దరికీ పక్కపక్కనే పొలాలిచ్చి మధ్యలో ఒక్క గట్టు వేశాడు.

జక్రయ్య భార్య ప్రేమమ్మది మా ఊరే, దర్శికి దగ్గర్లో. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే బావి నీళ్ళు పారించుకున్నవాళ్ళు. అందుకని ఆమె నాకు చెల్లెలి వరస, అతను బావ. వాళ్ళది చర్చి, మాది మసీదు, అయినా వరసలకి అవేం అడ్డం రాలేదు. పెళ్ళయ్యాక వాళ్ళు గుంటూరులో కాపురం పెట్టారు. ఆమె బ్రాడీపేటలో ఒక డాక్టరు దగ్గర ఆయాగా చేసేది. ఇతను ఏం చేసేవాడో చెప్పాలంటే పొద్దుపోతుంది. పత్తి మిల్లులో చేరి మానేశాడు. లారీ మీద క్లీనరుగా వెళ్ళాడు. వాడరేవులో చేపల పెట్టెలకి ఐసు కొట్టాడు. చివరికి ఆటో నడిపాడు. ఎక్కడా గొడవపడలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఓ పూట పని మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు, అంతే. ఒకసారి ఇంట్లోంచే అలా వెళ్ళి నెలల తరబడి కనిపించలేదు. తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు అన్నం పెట్టమన్నాడట. ప్రేమమ్మ పెట్టింది. నేనైతే కంచం విసిరేసేవాణ్ణి.

తొంభై ఎనిమిదిలో ప్రేమమ్మ నాన్న పోయాడు. ఎప్పుడో ప్రభుత్వం ఆయనకిచ్చిన రెండెకరాలు ఈమెకి మిగిలాయి. పొలంలోనే రేకుల ఇల్లు వేసుకుని ఇద్దరూ వచ్చేశారు. వచ్చిన రోజే ప్రేమమ్మ గట్టు మీద నిలబడి, నేను వింటుండగానే భర్తతో అంది.

"ఈసారి నువ్వు పోతే నేను వెతకను. ఇక్కడే ఉంటాను. నువ్వూ ఉంటే ఇద్దరం బతుకుదాం."

అతను తలూపాడు. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

మొదటి ఏడు పత్తి వేశారు. జక్రయ్య పనికి బద్ధకస్తుడు కాదు, ఆ మాట అంటే నా కళ్ళు పోతాయి. కానీ కుదురు లేదు. ఒక సాలు కలుపు తీస్తే లేచి రెండో సాలు దాటి మూడోది మొదలుపెట్టేవాడు. మందు కొడుతూ కొడుతూ డబ్బా దింపి రోడ్డు దాకా నడిచేవాడు. అక్కడ ఏముందని అడిగితే ఏమీ లేదు బావా అనేవాడు. కాలుకాలిన పిల్లి అతనైతే, ప్రేమమ్మ ఇంకో రకం. సాళ్ళలో వంగి పనిచేస్తూనే ఉండుండి గొంతెత్తి పిలిచేది. అటునుంచి ఊఁ అని వినిపిస్తే మళ్ళీ వంగేది. వినిపించకపోతే చేతిలో కొడవలి కిందపెట్టి లేచి నిలబడేది. ఆ కాసేపు ఆమె మొహం చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

రెండో ఏడు మిరప. కొన్న విత్తనం కాదు. వాళ్ళ నాన్న ఏటేటా కాయ ఎంచి దాచుకున్న విత్తనం, అటక మీద కుండలో బూడిద కలిపి ఉన్నది. ఉన్నదంతా నారు పోశారు. చేను బాగానే లేచింది. పూతకొచ్చేసరికి ఆకుముడత తెగులు తగిలింది. చుట్టుపక్కల చేలన్నీ పోయాయి, నాది ముందు పోయింది. వాళ్ళ చేలో కాలవ పక్కన కొన్ని మొక్కలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. ప్రేమమ్మ పాత చీర చింపి వాటికి పేలికలు కట్టింది, కూలివాళ్ళు ముట్టుకోకుండా. పండాక తనే కోసుకుంది. వసారాలో వేరే చాప మీద ఎండబెట్టింది. ఆ తర్వాత ఆ మొక్కలూ వడిలిపోయాయి. ఇక మిగిలిన విత్తనమల్లా ఆ చాప మీదదే. వాళ్ళు మూడో ఏడు ఇక్కడ ఉండాలంటే అది మొలవాలి. కొత్తగా కొనే శక్తి వాళ్ళకి లేదు.

జక్రయ్య చాప దగ్గరికి వెళ్తే, "వాటి జోలికి రాకు, పక్కన పెట్టాను" అంది ప్రేమమ్మ. అంతకుమించి చెప్పలేదు. రైతు ఇంట్లో పుట్టినవాడికైతే చెప్పక్కర్లేదు. ఇతను పుట్టింది రైతు ఇంట్లో కాదు, చర్చి కాపలాదారు ఇంట్లో. వాళ్ళ ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి బియ్యం, నెలాఖరున చర్చికి వెళ్తుంది. ఇంట్లో పస్తున్నా దాని మీద చెయ్యి వెయ్యరు. జక్రయ్య చిన్నప్పటి నుంచీ చూసింది అదే. పక్కన పెట్టిందంటే దేవుడిదని అతని లెక్క.

కోత పండగ వచ్చింది. పండిన పంటలో మొదటిది, మంచిది తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక పందిట్లో వాటిని వేలం పాట పెడతారు. అందరూ పాడుకుంటారు, మాలాంటివాళ్ళం కూడా. ప్రేమమ్మ వంటపనికని ముందే వెళ్ళింది. గుమ్మడికాయలు తెమ్మని భర్తకి చెప్పింది. అతను గుమ్మడికాయలు తెచ్చాడు. ఇంకో చేత్తో నిండుగా మిరపకాయల బుట్ట కూడా తెచ్చాడు. నాకు ఎదురొచ్చి, నేను పండించింది దేవుడికి ఇవ్వడం ఇదే మొదటిసారి బావా అన్నాడు. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఆ కాయలు చాప మీదవని నాకు తెలియదు కాబట్టి నేనూ సంతోషించాను.

పాస్టరుగారు బుట్ట పైకెత్తి చూపించినప్పుడు ప్రేమమ్మ గరిటె పట్టుకుని వంట దగ్గర నిలబడి ఉంది. అక్కడే ఆగిపోయింది. బలిపీఠం ముందు పెట్టింది వెనక్కి అడగకూడదు. పాడుకుందామంటే చేతిలో ఏమీ లేదు. దర్శిలో మెస్సు నడిపే సుబ్బరావమ్మకి చర్చి సరుకు కలిసొస్తుందని నమ్మకం, ఏటా వచ్చి పాడుకుంటుంది. బుట్ట ఆమె రిక్షా ఎక్కింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ వెనకే నేనూ నడుస్తున్నాను. ప్రేమమ్మ అరవలేదు, ఏడవలేదు. "అది విత్తనమయ్యా" అంది, ఒక్కటే మాట. జక్రయ్య నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. నాకు అతని మీద మండింది, జాలీ వేసింది. నా చేలో విత్తనం నిలిచి ఉంటే ఇద్దును, నాదీ పోయింది కదా.

మర్నాడు పొద్దున ప్రేమమ్మ గట్టు దాటి వచ్చింది. రాత్రి చీరే కట్టుకుని ఉంది.

"పోయాడన్నా" అంది.

నేను తిట్టడం మొదలుపెట్టాను. అతన్ని, అతని కాళ్ళని, ఆ కాళ్ళకి పిల్లనిచ్చిన పెద్దాయన్నీ కలిపి తిట్టాను. అయిపోయేదాకా ఆమె ఆగింది. అప్పుడు అడిగింది, దర్శి తీసుకెళ్తావా అని. వెతకనన్నావు కదా అన్నాను. అతని కోసం కాదు, సుబ్బరావమ్మ కాళ్ళు పట్టుకునైనా రెండు గుప్పిళ్ళ కాయలు తెచ్చుకుంటానంది. మోపెడ్ తీశాను. అతని కోసం కాదన్న మనిషి బస్టాండు దగ్గర బండి ఆపమంది. ఆగి ఉన్న ప్రతి బస్సు కిటికీల్లోకీ చూసొచ్చింది.

మెస్సు వీధిలోకి తిరగ్గానే ఘాటు తగిలింది. వసారాలో అడుగుపెట్టబోయిన నేను తుమ్ముతూ వెనక్కొచ్చాను. లోపల గోనెపట్టా మీద జక్రయ్య కూర్చుని ఉన్నాడు. ఒక పక్క కాయల కుప్ప, ఒక పక్క ఖాళీ తొక్కలు, ఒళ్ళో గుడ్డ మీద పసుపుపచ్చటి గింజలు. ఒక్కో కాయ విరిచి గింజ దులుపుతున్నాడు. చేతులు ఎర్రగా వాచిపోయాయి, కళ్ళు సరిగ్గా తెరవలేకపోతున్నాడు.

సుబ్బరావమ్మే చెప్పింది. తెల్లారకముందే వచ్చాడట. సంగతి విని బుట్ట తీసుకుపొమ్మందట ఆమె. దేవుడికి ఇచ్చింది వెనక్కి తీసుకోను, కారం కోసం గింజ తీసిపెడతాను, ఆ గింజ పారెయ్యకుండా నాకివ్వండి అన్నాడట.

"కాయ దేవుడిదైతే గింజ ఎవరిది బావా?" అన్నాను, ఉండబట్టలేక.

"నేనూ పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నా" అన్నాడు, తలెత్తకుండా.

అప్పటికి బాగా పొద్దెక్కింది. పొద్దున్నుంచీ లేవలేదని, మంచినీళ్ళు కూడా అక్కడికే ఇమ్మన్నాడని సుబ్బరావమ్మ చెబుతోంది. ప్రేమమ్మ మెట్లెక్కి వెళ్ళి అతని ముందు నిలబడింది.

"చేతులు చూసుకున్నావా? లేచి కడుక్కో. మజ్జిగ రాస్తాను."

"లేవను" అన్నాడు జక్రయ్య. ఇంకో కాయ తీసుకున్నాడు. "లేస్తే మళ్ళీ కూర్చుంటానో లేదో నాకే తెలీదు ప్రేమమ్మా. నాకే భయంగా ఉంది."

ఆమె కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుంది. అతనికి ఎదురుగా కూర్చుని, కుప్పలో సగం తన వైపు లాక్కుంది.

"అయితే లేవకు" అంది.